ఎనిమిది ఫ్యూజుల పలక

పెట్రోలు కారుకి డీజిలు ఇంజను ఎక్కించడం ఇంజను మేస్త్రీకి నాలుగు రోజుల పని. వైర్ల పని అట్లా తెమలదు. ఆ కారు తయారు చేసినవాళ్ళు వైర్లన్నీ పెట్రోలు ఇంజను కోసం వేశారు. వాటిలో పనికిరానివి పీకేసి, కావలసినవి కొత్తగా వేసి, పాత కారుని కొత్త ఇంజనుకి ఒప్పించాలి. తెనాలిలో పదేళ్ళ పైన నేను చేసింది ఆ పనే. నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా నోటితో చెబుతుంటే రాసిపెడుతున్నారు.

మా ఆయన వైరింగ్ మేస్త్రీ. రేపల్లె వెళ్ళే రోడ్డు పక్కన ఒక ఇంజను మేస్త్రీకి రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక మూల మా ఆయన చెక్కబల్ల. ఎనభైల్లో పెట్రోలు ధర పెరిగేకొద్దీ టాక్సీలు తిప్పుకునేవాళ్ళు పాత అంబాసిడర్లు, వాటి ముందు తరం కార్లు తీసుకొచ్చి, దెబ్బతిన్న వ్యాన్లలోంచి దింపిన డీజిలు ఇంజన్లు వేయించుకునేవారు. పని బాగా ఉన్న రోజుల్లోనే మా ఆయనకి చేతులు వణికే జబ్బు వచ్చింది. స్క్రూడ్రైవరు స్క్రూ గాడిలో నిలిచేది కాదు. రెండేళ్ళు ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పాడు, నేను చేశాను. మూడో ఏడు చెప్పడానికి ఆయన లేడు. చెయ్యడానికి నేనున్నాను. పదకొండో రోజు అయ్యాక పెద్దగా ఏమీ ఆలోచించకుండా వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను. ఇంజను మేస్త్రీ నన్ను చూసి, "టీ తాగావా చెల్లెమ్మా?" అన్నాడు. ఉండమని అనలేదు, పొమ్మనీ అనలేదు. డ్రైవర్లు నన్ను వైరింగక్క అనేవారు.

పాత కారులో ఫ్యూజులు రెండే ఉండేవి. హారను, లైట్లు, వైపరు, అన్నీ వాటి మీదే పడి ఉండేవి. మేం అవి తీసేసి, ఒక హైలం పలక కోసి, అంటే కరెంటు పారని గోధుమరంగు గట్టి అట్ట, దాని మీద ఎనిమిది ఫ్యూజులు, మూడు నాలుగు రిలేలు బిగించి ఇంజను పక్కన రేకుకి కూర్చోబెట్టేవాళ్ళం. రిలే అంటే ఏంటో మా ఆయన నాకు చెప్పిన తీరు వేరు. "లోపల మంచం మీదున్న అత్తగారు దగ్గుతుంది. బయట కోడలు గేదెని విప్పుతుంది. అత్తగారి చేత గేదె బరువు మోయిస్తామా? రిలే అంటే ఆ కోడలే" అన్నాడు. ఇంతకన్నా తేలిగ్గా ఇప్పటికీ నాకు చెప్పడం రాదు.

డీజిలు ఇంజనుకి హీటరు ప్లగ్గులుంటాయి. పొద్దున్నే చల్లబడి ఉన్న ఇంజను ఊరికే పట్టుకోదు. తాళం సగం తిప్పి ఇరవై లెక్కపెట్టాలి. ఆలోపు ఆ ప్లగ్గులు ఎర్రగా కాలతాయి. అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. అంత కరెంటు తాళం గుండా పంపితే తాళమే మాడిపోతుంది. అందుకని ఒక రిలే. చిన్న రేకు మూత కింద ఒక ఇనప రెక్క ఉంటుంది. తాళం తిప్పితే రెక్క కిందికి దిగి లావు వైరుకి కరెంటు వదులుతుంది. తాళం వదిలితే పైకి లేచి ఆపేస్తుంది. మిగతా వాటన్నిటికీ ఫ్యూజులున్నాయి గానీ హీటరుకి మేం పెట్టేవాళ్ళం కాదు. మా దగ్గరున్న ఏ ఫ్యూజూ అంత కరెంటుకి నిలిచేది కాదు.

చదువు లేదు కాబట్టి నా గుర్తులు నావి. హారను వైరుకి రెండు చివర్లా దారంతో ఒక ముడి, ముందు లైట్లకి రెండు, వైపరుకి మూడు. అట్లా ఎనిమిది దాకా. మా అమ్మ బాపట్ల స్టేషను బయట పూలు కట్టి అమ్మేది. ఆమె పక్కన కూర్చుని నేర్చిన ముడులే అవి. వైర్ల కట్టని కూడా టేపు చుట్టకుండా నూలుదారంతో దండ కట్టినట్టు అల్లేదాన్ని. రేపు ఒక వైరు పాడైతే ఆ ముడి వరకే విప్పుకోవచ్చు. ఇంకొక్క సంగతి. మా ఆయన ఉన్నప్పుడు బ్యాటరీ మీదికి వంగితే పుస్తెలు తగిలి మెరుపు కొడుతుందని గొలుసు వీపు మీదికి వేసుకునేదాన్ని. తర్వాత ఆ జాగ్రత్త అక్కర్లేకపోయింది.

తొంభైలు మొదలైన కొత్తలో రేపల్లె నుంచి ఒక టాక్సీ అతను కారు తెచ్చాడు. వాళ్ళ నాన్న నడిపి, వయసు మీదపడి ఇతనికిచ్చిన కారు. గుండ్రటి మొహం, తలుపులు మూస్తే బీరువా మూసినంత చప్పుడు. రేపల్లె నుంచి బాపట్లకి, తెనాలికి పెళ్ళివాళ్ళనీ రోగులనీ తిప్పేవాడు. అది షెడ్డులోకి వచ్చిన రోజే మేస్త్రీ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, గుంటూరు నుంచి ఒక వైరింగ్ మనిషి ఇక్కడికి వస్తానంటున్నాడు" అన్నాడు.

"ఎందుకన్నయ్యా? నా పనిలో ఏం తేడా వచ్చింది?"

"పనిలో రాలేదమ్మా. కొందరికి... కొత్త ఇంజను ఎక్కిస్తా ఉంటే..." అని మెడ గోక్కున్నాడు. "అంటన్నార్లే. ఈ రేపల్లె బండి సవ్యంగా వెళ్ళిందనుకో, నీ బల్ల నీదే. ఏదన్నా తేడా జరిగితే మాత్రం నన్నేమీ అనుకోవద్దు."

ఆయన నోటితో అనలేకపోయింది నాకు అర్థమైంది. మొగుడు పోయిన ఆడదాని చెయ్యి. లూథరన్ బడి పంతులుగారి కారు బాగుచేసినప్పుడు పాస్టరుగారొచ్చి బానెట్ మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. నన్నూ పక్కనే నిలబెట్టుకున్నారు. అందరి బళ్ళూ ఆ పంతులుగారివి కావు కదా.

ఆ కారుకి తొమ్మిది రోజులు పట్టింది. డైనమో తీసి, అంతకన్నా ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటరు పెట్టాం. పెట్రోలుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిలు వైర్లు పీకేశాం. పలక నేనే కోసి, అంచులు అరగదీసి, ఎనిమిది ఫ్యూజులూ వరసగా బిగించాను. అంత శుభ్రంగా ఏ పలకా చెయ్యలేదు. పదో రోజు శుక్రవారం. ఇంజను పొద్దున ఒకసారి పట్టుకుంది. వేడెక్కాక హీటరు రిలే రెక్క సందు సరిచూసి మూత బిగిద్దామని మూత చేతిలో పట్టుకున్నాను. అప్పుడే రిక్షాలోంచి డ్రైవరు వాళ్ళమ్మ దిగింది. పెద్ద బొట్టు, చేతినిండా గాజులు, ఇత్తడి పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు.

నన్ను ఎవరూ పొమ్మనలేదు. ఇది నేను గట్టిగా చెప్పాలి. ఆవిడ నా వంక చూడనైనా లేదు. మా ఆయన పోయినప్పటి నుంచి ఒంటికి అలవాటైపోయింది, అంతే. అలాంటి పళ్ళెం కనిపిస్తే కాళ్ళు వాటంతటవే వెనక్కి నడుస్తాయి. షెడ్డు వెనక నీళ్ళతొట్టి దగ్గరికి పోయి గోడకి ఆనుకున్నాను. గంట చప్పుడు, కొబ్బరికాయ పగిలిన చప్పుడు, తర్వాత ఇంజను. చెవులతోనే చూశాను దాన్ని. బాగా పట్టుకుంది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగి ఉంటాయి అనుకుంటూ ముందుకొచ్చేసరికి కారు లేదు. అప్పుడు గమనించాను, మూత ఇంకా నా చేతిలోనే ఉంది.

"అన్నయ్యా, ఇది వెయ్యలేదు."

"తల్లినెక్కించుకుని రేపల్లె పోతన్నాడు. సాయంత్రం వస్తాడులే, వేద్దువుగాని. ఓ పూట దుమ్ము పడితే ఏమవుద్ది?"

గంట తిరక్కుండా కారు వెనక్కి వచ్చింది. ట్రాక్టరు వెనక, తాడు కట్టుకుని. దగ్గరికి రాకముందే కాలిన రబ్బరు కంపు కొట్టింది. డ్రైవరు మొహం నల్లబడి ఉంది. వాళ్ళమ్మ కొంగుచాటున ఏదో పట్టుకుని దిగి, నేరుగా మేస్త్రీ మీదికి వెళ్ళింది.

"ఏంటబ్బాయ్ ఇది? రెండో వంతెన కూడా దాటలేదు. పొగలో పొయ్యేవాళ్ళం తల్లీకొడుకులం!"

"ఆగు పెద్దమ్మా, చూడనియ్యి."

"చూసేదేముంది? బొట్టు లేని చెయ్యి పడితే ఇట్టాగే తగలడుద్ది. ఈ తెనాలిలో నీకు ఇంకో మనిషే దొరకలేదా?"

నేను అక్కడే ఉన్నాను. మేస్త్రీ నా వైపు చూడలేదు. "బుధవారానికి బాగు చేయిస్తానమ్మా. తర్వాత సంగతి తర్వాత" అన్నాడు. ఆ తర్వాత సంగతి నా బల్ల సంగతి. ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయింది.

బానెట్ ఎత్తి చూశాను. ఎనిమిది ఫ్యూజులూ బాగానే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. కాలింది హీటరు వైరొక్కటే. పలక నుంచి ఇంజను దాకా మాడి, తొక్క ఊడి, రాగి బయటపడింది. నాలుగు ప్లగ్గులూ పోయాయి. అంటే తాళం వదిలినా హీటరు ఆగలేదు, దారిపొడుగునా కాలుతూనే ఉంది. రెక్క పైకి లేవలేదు. ఎందుకు లేవలేదు? వంగి చూశాను. పలక మీద పసుపునీళ్ళు ఆరిన గుండ్రటి మరక. రెక్క సందులో చిన్న పీచు. బయటికి లాగి చూస్తే కొబ్బరిపీచు.

డ్రైవరుని పిలిచాను. "తమ్ముడూ, ఇక్కడ ఏం పెట్టారు?"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత, "కొబ్బరిచిప్పక్కా" అన్నాడు. "బల్లపరుపుగా ఉందని అమ్మ అక్కడ పెట్టింది. ఇంటికెళ్ళాక దేవుడి దగ్గర పెట్టుకుందామని. అట్టాగే బానెట్ మూసేశాం."

"మరి తీసిందెవరు?"

"అమ్మే. నేను బ్యాటరీ వైరు పీకుతా ఉంటే ప్రసాదం మాడిపోద్దని ముందు అది తీసి కొంగులో పెట్టుకుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిప్ప బరువు రెక్కని నొక్కేసింది. మూత ఉండి ఉంటే చిప్ప మూత మీద కూర్చునేది, ఏమీ అయ్యేది కాదు. మూత నా చేతిలో ఉంది.

"అక్కా, ఒక్క మాట" అన్నాడు అతను గొంతు తగ్గించి. "అమ్మతో చెప్పొద్దు. తన చేత్తో పెట్టిన కొబ్బరికాయ వల్ల కాలిందంటే అన్నం మానేసి పడుకుంటది. ఎక్కడో వైరు ఊడిందని చెప్పు. పాతబండిగా, ఎవరన్నా నమ్ముతారు."

"వైరు ఊడిందంటే ఊడగొట్టింది నేనవుతాను తమ్ముడూ."

"నీకు పని ఇంకెక్కడన్నా దొరుకుద్దిలే అక్కా." మంచివాడే అతను. ఆ మాట ఎంత బరువో తెలియక అన్నాడు.

సోమవారం పాసింజరెక్కి బాపట్ల వెళ్ళాను. అక్కడ పాత వ్యాన్ల సామాను అమ్మే కొట్టొకటి ఉండేది. లావు వైరు, నాలుగు ప్లగ్గులు తీసుకున్నాను. ప్లగ్గుల్ని ఒక్కొక్కటే బ్యాటరీకి ఆనించి కాలుతున్నాయో లేదో చూసుకుని సంచిలో వేసుకున్నాను. రైలుకి ఇంకా టైముందని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. సొంత అన్నయ్య. నా గోళ్ళలోని నల్లటి మడ్డి చూసి వాడికి కోపం వచ్చింది.

"ఎన్నాళ్ళే మగాళ్ళ మధ్య బానెట్లలో తలకాయ పెట్టుకుని? వచ్చెయ్యి. ఈ వసారాలో కూర్చుని అమ్మలాగా పూలు కట్టుకో. నీడపట్టునన్నా ఉంటావు."

"అమ్మ వేళ్ళు చూశావుగా అన్నయ్యా. తడిపూలకి నాని నాని పగిలి, ఉప్పు తగిలితే ఏడ్చేది."

"నీవేమన్నా బాగున్నాయా?"

బాగా లేవు. వదిన పెట్టిన పెరుగన్నం తిన్నాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని వాడి మాట గురించే ఆలోచించాను. వాడి వసారాలోకి ఎప్పుడైనా వెళ్ళొచ్చు. అదే భయం. ఎప్పుడైనా వెళ్ళొచ్చు అనుకుంటూ ఉంటే ఏదో ఒకరోజు వెళ్ళిపోతాను. డ్రైవరు చెప్పమన్న అబద్ధం చెబితే ఆ రోజు బుధవారమే అవుతుంది.

మంగళవారమంతా కొత్త వైరు లాగి, అల్లి, బిగించాను. మూత వేసి రెండు స్క్రూలూ గట్టిగా తిప్పాను. బుధవారం పొద్దున్నే ఆవిడ వచ్చింది. ఈసారి చేతిలో సంచీ తప్ప ఏమీ లేదు.

"ఎక్కడ ఊడిందంట వైరు?" అంది వస్తూనే. కొడుకు ముందే చెప్పేశాడన్నమాట. అతను నేలచూపులు చూస్తున్నాడు. మేస్త్రీ స్పానరు తుడుస్తున్నాడు. ఎంతసేపు తుడుస్తాడు ఒక స్పానరు?

"వైరు ఊడలేదు పెద్దమ్మా" అన్నాను.

"మరి?"

మూత విప్పాను. "ఇటు రండి. ఈ రెక్క చూడండి." వేలితో నొక్కాను. టక్కుమంది. ఇంజను మీద ప్లగ్గొకటి విప్పి పైకి ఆనించి పెట్టాను. పది లెక్కపెట్టేలోపు అది ఎర్రబడింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. వేలు తీశాను, చల్లారింది. "దీని మీద బరువు పడింది. మీరు పెట్టిన చిప్ప."

"ఓరి నాయనో! నా కొబ్బరికాయ తగలబెట్టిందంటావా బండిని? దేవుడి కొబ్బరికాయ!"

"లేదండి. దీనికి మూత ఉంది, ఇదిగో. ఇది వెయ్యాల్సింది నేను. వెయ్యలేదు. చేతిలో పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాను."

"అదేంటి? బండి బయల్దేరే టైముకి వెనక నీకేం పని?"

"పనేం లేదండి. మీరు హారతి ఇస్తున్నారు."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఆవిడ నా మొహం చూసింది, నా చేతిలోని మూత చూసింది, మళ్ళీ మొహం చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ కాలేదు.

"నోరుందిగా నీకు. అక్కణ్ణుంచే కేకెయ్యొచ్చుగా, అక్కడ పెట్టొద్దే ముసలిదానా అని!"

"మీరు ఏం పెట్టారో నాకు కనపడలేదండి."

"అదే అంటన్నా. కనపడేచోట ఉండాలిగా పని చేసే మనిషి!" అని కొడుకు మీదికి తిరిగింది. "నువ్వొకడివి. వైరు ఊడిందంట, వైరు. పద, బండి తియ్యి. నువ్వూ ఎక్కమ్మాయ్."

"నేనెందుకండి?"

"దార్లో మళ్ళీ పొగొస్తే ఎవరు చూస్తారు? నేనా?"

వెనక తలుపు తీయబోయాను. డ్రైవరు కూడా నన్ను వెనకే కూర్చోమన్నట్టు చూశాడు. కొత్త ఇంజనుతో మొదటిసారి ఊరికి వెళ్ళే బండిలో ముందు సీటు. అతని ఇబ్బంది నాకు తెలుసు. "వెనక కూర్చుంటే ఇంజను చప్పుడు ఏం వినపడుద్ది దానికి?" అంది ఆవిడ విసుగ్గా. "ముందు కూర్చో." ఆవిడ వెనక సీట్లో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

రేపల్లె దాకా నాలుగుచోట్ల ఆపించి బానెట్ ఎత్తి వైరు పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. ఇల్లు చేరాక ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఎదురింటి అరుగు మీది ఆడవాళ్ళు నన్ను చూసి, "ఎవరే ఆమె, మీ చుట్టాలా?" అని అడిగారు.

"మా బండి మేస్త్రీ" అంది ఆవిడ. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. దానితో లోకం మారిపోలేదు. పూజ మొదలవగానే నా కాళ్ళు వెనక్కి లాగడం మానలేదు. వాటిని ఆపి పలక పక్కన నిలబడడం రోజువారీ పనుల్లో మరొక పని అయింది, అంతే. నిలబడితే కొందరు మొహం తిప్పుకునేవారు. ఇద్దరు ముగ్గురు బళ్ళు వెనక్కి తీసుకుపోయారు కూడా. మేస్త్రీ వాళ్ళని ఆపలేదు, నన్ను తప్పుకోమనీ అనలేదు.

ఆ బుధవారం రేపల్లె నుంచి రైల్లో తిరిగి వచ్చాను. మర్నాడు షెడ్డుకి వెళ్ళేసరికి నా బల్ల ముందు ఒక జీపు బానెట్ ఎత్తి ఉంది. మేస్త్రీ దాని కిందినుంచి తల బయటపెట్టాడు.

"గుంటూరతన్ని రావద్దని కబురు చేశా చెల్లెమ్మా."

"ఊఁ" అన్నాను.

"ఏంటి, సంతోషంగా లేదా?"

"ఉందన్నయ్యా. నడుం నొప్పిగా ఉంది. కాసేపు కూర్చుని మొదలుపెడతాను" అని స్టూలు లాక్కున్నాను.